గాలి కొట్టే చేయి

తాగుడు మీద నాటకం వేస్తే డబ్బులిస్తారట, దుమ్ము మీద వేస్తే ఇవ్వరట. ఈ ముక్క తెలుసుకోవడానికి నేను అంగన్‌వాడీకి సెలవు పెట్టి, కురవి నుంచి జనగామ దాకా పోవలసి వచ్చింది.

శివాజీ సారు చెడ్డవాడేం కాదు. కళాకారులకు సాయం చేసే సంస్థ నడుపుతాడు, వచ్చినవాళ్ళకు చాయ్ తెప్పిస్తాడు. నా భర్త రాజ్‌కుమార్ రాసిన నాటకం కాగితాలు మొదటి నుంచి చివరిదాకా ఓపికగా చదివాడు. చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మంచిగ రాసిండమ్మా. నిజం చెప్తున్న, ఏడుపొచ్చింది. కని మా దగ్గర ఈ యేడు తాగుడు మీదనే ఉన్నయి పైసలు. జర మార్చరాదు? గా రాళ్ల మిల్లు తీసేసి కల్లు దుకాణం పెట్టుండ్రి. మొగుడు ఊపిరాడక సచ్చిపోయే బదులు కడుపుల కరాబై సచ్చిపోతడు. మిగిలిందంత గట్లనే ఉంచుండ్రి."

"మా ఆయన చుక్క ముట్టలే సార్."

"నాటకమే గదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. సగం తాగిన చాయ్ గ్లాసు అక్కడే పెట్టేసి, కాగితాలు సంచిలో వేసుకుని లేచాను. బతికున్నన్నాళ్ళూ దవాఖానలో టీబీ అన్నారు. పోయాక ఇప్పుడు తాగుబోతును చేస్తామంటున్నారు. ఆయనకు వచ్చిన జబ్బును ఆయనకు ఉంచడానికి ఒక్కరికీ మనసొప్పదు. తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాను.

మా ఊరు కురవికి దగ్గర. బయ్యారం దిక్కు పోయే దారిలో ఒక రాళ్ల మిల్లు ఉంది. దాని పేరు చెప్పను. ఆ పేరు పలికితే నోరు పుక్కిలించుకోవాలనిపిస్తుంది. పలుగురాయిని పిండి చేసి, బస్తాలకెత్తి, లారీల్లో ఎక్కడికో పంపుతారు. ఆ పిండి చంటిపిల్లలకు రాసే పౌడరులాగా మెత్తగా, తెల్లగా ఉంటుంది. రాజ్‌కుమార్ అక్కడ బస్తాలు నింపేవాడు. మూతికి తువ్వాల కట్టుకునేవాడు, అంతకుమించి ఏ రక్షణా లేదు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. "ముసలోనివైనవు పో" అని నేను ఎగతాళి చేసేదాన్ని. నిజమైన ముసలితనం ఆయన దాకా రానేలేదు.

దగ్గు మొదలయ్యాక టీబీ మందులు మింగించారు. అవి అయిపోతే మళ్ళీ అవే మింగించారు. చివరికి వరంగల్‌లో ఒక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని, "ఏం పని చేస్తవు?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని, దాన్ని సిలికోసిస్ అంటారని, అది తగ్గే జబ్బు కాదని ఆయనే చెప్పాడు.

మంచం పట్టాక రాజ్‌కుమార్ ఈ నాటకం రాశాడు. పేరు 'తెల్లదుమ్ము'. ఏటా క్రిస్మస్‌కు మా గుడిలో నాటకం రాసేదీ, హేరోదు రాజు వేషం కట్టి పిల్లల్ని దడిపించేదీ ఆయనే. ఈ నాటకంలో మాత్రం తనకు వేషం పెట్టుకోలేదు. మిల్లు మనిషి వేషం రాంచందర్ కోసం రాశాడు. రాంచందర్ మా ఊరి పక్క తండావాడు. ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడతాడు, స్టేజీ ఎక్కితే మాత్రం తెలుగు ఖంగుమని పలుకుతుంది. అతనిదీ అదే మిల్లు, అదే దుమ్ము, అదే జబ్బు. ఇంకా బతికి ఉన్నాడు, అంతే తేడా.

నిరుడు రాంచందర్ పాట ఎత్తుకుంటే తండా మొత్తం వినపడేది. ఇప్పుడు ఒక చరణం పాడి గోడకు ఆనుకుంటాడు. భార్య గంగి పక్కన కూర్చుని వీపు రాస్తుంటుంది. "జల్దిన పెట్టు వదినా, నా దగ్గర గాలి అయిపోతున్నది" అంటాడు నవ్వుతూ. అతను నవ్వుతాడు గానీ నాకు నవ్వు రాదు.

మిల్లు ట్రాక్టరు ఇప్పటికీ పొద్దున్నే ఊరూరా తిరిగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది. వాళ్ళంతా ముందు వరుసల్లో కూర్చుని, దుమ్ము మింగిన మనిషి నోటి నుంచే ఆ మాటలు వినాలన్నది రాజ్‌కుమార్ కోరిక. రాంచందర్‌కు ఊపిరి ఉండగానే మానుకోటలో ఆ నాటకం పడాలి. నాకు కావలసింది అదొక్కటే. దానికి హాలు కావాలి, మైకు కావాలి, లైట్లు కావాలి, జనాన్ని తెచ్చే ఆటోలు కావాలి. మానుకోట అని మేము పిలిచే ఆ మహబూబాబాద్‌లో అడగని మనిషి లేడు. అందరూ "పాపం" అన్నారు. పాపానికి హాలు రాదు.

జనగామ నుంచి వచ్చిన కొద్దిరోజులకు మిల్లు మేస్త్రీ మా ఇంటికొచ్చాడు.

"చెల్లె, నాటకం సంగతి మిల్లు సేటుకు ఎర్కైంది. కర్సంత ఇస్తనంటున్నడు. ఒక్కటే మాట, దుమ్ము తెల్లగుండద్దు."

"మరే రంగుండాలె?"

"ఎర్రగ చెయ్యి. బయ్యారం మన్ను ఎర్రదే గద. ఎవ్వలకు అనుమానం రాదు."

నవ్వొచ్చింది గానీ, నవ్వితే ఒప్పుకున్నాననుకుంటాడని ఆపుకున్నాను. "అన్నా, నీ దగ్గుది ఏం రంగో ముందుగాల చూస్కో పో" అన్నాను. అతను ముఖం మాడ్చుకుని వాకిట్లోకి పోయాడు. అక్కడ నిజంగానే దగ్గు తెర వచ్చి, గేటు పట్టుకుని నిలబడిపోయాడు. మేస్త్రీ అయినా అతనూ ఆ దుమ్ములోనే నిలబడతాడు గదా. జాలీ, కోపమూ ఒక్కసారే వచ్చాయి నాకు.

అతను పోయాక తలుపు వేసుకుని హార్మోనియం ముందు కూర్చున్నాను. దీని గురించి కొంచెం చెప్పాలి.

మాకు పిల్లలు లేరు. పొద్దంతా అంగన్‌వాడీ పిల్లల గోలతో నా చెవులు చిల్లులు పడతాయి. సాయంత్రం తాళం వేసి ఇంటికొస్తే గడియారం తప్ప ఏదీ చప్పుడు చేయదు. టీవీ పెట్టుకో అంటారు. టీవీలో వాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, నాతో కాదు. చివరి ఏడాది రాజ్‌కుమార్ ఊపిరి చప్పుడు ఇల్లంతా వినిపించేది. వంటింట్లో ఉన్నా, దొడ్లో బట్టలు ఉతుకుతున్నా నా చెవి దాని మీదే ఉండేది. అది ఆగిపోయాక ఇల్లు ఇల్లులా లేదు. ఇప్పటికీ ఏ పని చేస్తున్నా చెవి దాన్నే వెతుక్కుంటుంది.

హార్మోనియం ఆయన తండ్రి కాలం నాటిది. నేర్పమని ఎవరు అడిగినా ఆయన ఒకే మాట చెప్పేవాడు: "ముందు గాలి కొట్టు. అది మంచిగ వచ్చినంక మెట్ల ముచ్చట." కాటారం నుంచి పనికొచ్చి మిల్లు షెడ్డులోనే ఉండే శ్యాం ఆదివారాలు మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం దాకా గాలి కొట్టేవాడు. ఆయన మెట్లు నొక్కుతూ పాడేవాడు. శ్యాం రాయి నూరే యంత్రం దగ్గర నిలబడేవాడు, అక్కడ దుమ్ము ఇంకా ఎక్కువ. అందుకే రాజ్‌కుమార్ కంటే చిన్నవాడైనా ముందు పోయాడు. మెట్ల దాకా రానేలేదు. ఆ తర్వాత గాలి కొట్టే పని నాకొచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని కుడిచేత్తో మెట్లు నొక్కేవాడు, నేను తిత్తి ఆడించేదాన్ని. నా చదువు కూడా అక్కడే ఆగింది. నాకు ఒక్క పాటా వాయించడం రాదు. గాలి కొట్టడం వచ్చు.

ఇప్పుడు రోజూ చీకటి పడే వేళకు పెట్టె ముందు కూర్చుని ఒట్టి గాలి కొడతాను. మెట్టు నొక్కను. పాత పెట్టె గదా, లోపలి గాలి ఏదో సందులోంచి సన్నగా బయటికొస్తుంది. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ వస్తుంది. పక్క గదిలో మనిషి పడుకుని ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే గ్రేసమ్మకు పిచ్చి లేచిందంటారు.

అలాంటి పెట్టెను వేలానికి పెడతానని నేనే అన్నాను. ఎందుకన్నానో చెబుతాను.

పంట ఇళ్ళకు చేరాక మా గుడిలో కోత పండుగ జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. వడ్లు, మిరపకాయలు, సొరకాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో వాటికి వేలం పాట. ఇందులో ఒక మర్యాద ఉంది. పాట గెలిచినవాళ్ళు డబ్బు కట్టేసి, వస్తువును మళ్ళీ గుడి పెద్ద చేతికే ఇచ్చి "మల్ల పాటకు పెట్టుండ్రి" అంటారు. ఒకే వస్తువు అలా ఎన్నో చేతులు తిరుగుతుంది. ఏ వస్తువు మీద ఎవరి మనసుందో ఊరికి తెలుసు కాబట్టి చివరి పాట వాళ్ళకే వదులుతారు. నిరుడు కట్టమ్మ తెచ్చిన గుమ్మడికాయ వాకిలంతా తిరిగి తిరిగి కట్టమ్మ ఇంటికే పోయింది. ఆమె దాన్ని వండి మధ్యాహ్నం అందరికీ పెట్టింది.

గుడి పెద్ద పాపయ్య బాపు నా అవస్థ చూసి, "నాటకం పేరు మీద ఒక్క వస్తువు పెట్టుకో బిడ్డా, పాస్టరయ్యను నేనొప్పిస్త" అన్నాడు. "కని గుమ్మడికాయతోటి హాలు రాదు మల్ల."

"పెట్టె పెడుత బాపు."

"రాజ్‌కుమార్ హార్మోనియమా?" అన్నాడు ఆయన.

"మల్ల నాకే వస్తది గద."

"ఎటువోతది? ఊరందరికి ఎర్కే గద అది నీదని."

ఆ ధీమాతోనే కాటారం కూడా పోయాను, శ్యాం తల్లి లచ్చవ్వను పిలవడానికి. భూపాలపల్లిలో తెలిసిన టీచర్లు కొద్దో గొప్పో ఇచ్చారు, అది సంచిలో వేసుకుని అక్కడి నుంచి బస్సెక్కాను. లచ్చవ్వ ఇల్లు ఊరి చివర, వెనక నుంచి అడవి మొదలవుతుంది. ఒక్కతే ఉంటుంది, మేకలున్నాయి. నేను నాటకం గురించి చెబుతుంటే మేకకు ఆకు అందిస్తూ వింది.

"నా దగ్గరేమున్నది బిడ్డా ఇయ్యనీకి?"

"ఇయ్యద్దవ్వా. మా కోత పండుగకు రా. రాజ్‌కుమార్ పెట్టెను పాటకు పెడుతున్నం. చూసి, మా ఇంట్ల ఇంత తిని పోదువు."

"గా పెట్టెనా? మా శ్యాం గాలి కొడుతనని చెప్పేది, గదేనా?"

"గదే అవ్వా."

ఆమె చేతిలో మిగిలిన ఆకంతా మేక ముందు వేసింది. వేలం గురించి చెప్పాను గానీ, గెలిచినవాళ్ళు తిరిగి ఇస్తారన్న మాట చెప్పలేదు. దాచాలని కాదు. మేము పుట్టినప్పటి నుంచి చూస్తున్న మర్యాద కాబట్టి అది వేరేవాళ్ళకు చెప్పాల్సిన సంగతని తోచలేదు.

పండుగనాడు లచ్చవ్వ వచ్చింది. గుడి బయట చెప్పుల దగ్గర, కొంగు నెత్తిన కప్పుకుని ఆరాధన అయ్యేదాకా కూర్చుంది. వాకిట్లో వడ్లు, కోళ్ళు అయిపోయాక పాపయ్య బాపు హార్మోనియాన్ని బల్ల మీద పెట్టాడు. "ఇది నాటకం కోసం. మనసున్నంత పాడుండ్రి" అన్నాడు. ఒకరు మొదలుపెట్టారు, ఇంకొకరు పెంచారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు, తిరిగి ఇచ్చే వస్తువే గదా. ఇంతలో వెనక నుంచి లచ్చవ్వ గొంతు లేచింది. ఆమె చెప్పిన మొత్తానికి నవ్వులు ఆగిపోయాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి పాడుతుంటే ఎదురు పాడడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఒకటోసారి... రెండోసారి..." పాపయ్య బాపు నా వైపు చూశాడు. నేను కానియ్యమన్నట్టు తలూపాను. "మూడోసారి!"

లచ్చవ్వ కొంగు ముడి విప్పి డబ్బంతా బల్ల మీద పెట్టింది. తర్వాత తెలిసింది, మేకలన్నీ అమ్ముకొచ్చిందట. పాపయ్య బాపు పెట్టెను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టి, వెంటనే రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, ఇప్పుడు తిరిగి ఇస్తుంది గదా అని. ఆమె ఇవ్వలేదు. పాత చీర ముక్కలో మూటకట్టి, నెత్తిన పెట్టుకుని, బస్టాండు దారి పట్టింది. పాపయ్య బాపు చేతులు చాలాసేపు అలాగే ఉండిపోయాయి.

"ఆపుండ్రి, ఆమెకు ఎర్కలేదు" అన్నారెవరో. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆమె డబ్బు పెట్టి కొనుక్కుంది, దొంగతనం చేయలేదు. "కొన్నదాన్ని మల్ల ఇయ్యి" అని తల్లి వెనక ఏ ముఖంతో పరిగెత్తాలి?

ఆ డబ్బుతో హాలు మాట్లాడాం. మైకూ, లైట్లూ, ఆటోలూ అన్నీ కుదిరాయి. కొన్ని నెలలు ఊరూరా తిరిగినా రానిది ఒక్క పొద్దుటితో అయిపోయింది. సంతోషపడాలి గదా. ఆ సాయంత్రం చీకటి పడే వేళకు అలవాటుగా పోయి గోడ పక్కన కూర్చున్నాను. పెట్టె ఉన్న చోట నేల మీద దాని నాలుగు మూలల గుర్తులు ఉన్నాయి. లచ్చవ్వను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే తిట్టాను.

పాపయ్య బాపు మనవరాలు షారోన్ మానుకోటలో డిగ్రీ చదువుతుంది, గుడిలో కీబోర్డు వాయిస్తుంది. నాటకానికి ఆ కీబోర్డే పెట్టుకుందామనుకున్నాం. రాంచందర్ ఇంటి వాకిట్లో రిహార్సల్ మొదలైంది. మాటలన్నీ బాగానే నడిచాయి. చివరి పాట దగ్గర రాంచందర్ ఆగిపోయాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ ఆగిపోయాడు.

"దీనితోటి గాదు వదినా," అన్నాడు గంగి భుజం పట్టుకుని. "గిది ఊపిరి తీసుకోదు. అన్న గీ పాటను పెట్టె కోసం కట్టిండు. పెట్టెల గాలి నిండే దాక నేను సుత ఊపిరి పట్టుకునేటట్టు. దీనికి నేను ఎన్కబడిపోతున్న."

"నేను స్లో చేస్తనే మామా" అంది షారోన్ ఏడుపు గొంతుతో. పాపం దాని తప్పేం లేదు. కరెంటుతో పాడేదానికి అలుపు తెలియదు.

నాటకం రోజు దగ్గరికొచ్చింది. తిట్టిన నోటితోనే బతిమాలుకోవడానికి మళ్ళీ కాటారం బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కట్టుకున్నాను. డబ్బు తర్వాత కొంచెం కొంచెంగా తిరిగిస్తానని చెబుదామా, మా మర్యాద ఇదని చెబుదామా, గట్టిగా అడుగుదామా అని. భూపాలపల్లి దాటేసరికి గట్టిగానే అడగాలని తేల్చుకున్నాను.

నేను దిగేసరికి పొద్దు గూకుతోంది. మేకలు లేని దొడ్డి ఖాళీగా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలవబోయి ఆగిపోయాను. లోపల ఊపిరి చప్పుడు.

నిండుతోంది, వస్తోంది. మళ్ళీ నిండుతోంది. మెట్టు ఒక్కటీ నొక్కడం లేదు.

నేను గుమ్మం పక్కన అరుగు మీద కూర్చుండిపోయాను. కట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఈ లోకంలో నేనొక్కదాన్నే ఈ పిచ్చిపని చేస్తున్నాననుకున్నాను. ఎంత దూరం వచ్చి, ఎవరింట్లో వింటున్నాను! ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

చప్పుడు ఆగి తలుపు తెరుచుకుంది. "ఎవలు? నువ్వా?" లచ్చవ్వ నన్ను చూసి గుమ్మంలోనే నిలబడింది. "నువ్వు అమ్మినవు, నేను కొన్న. మల్ల ఎందుకచ్చినవు?"

"నీళ్లియ్యవ్వా ముందు."

నీళ్ళు తెచ్చింది. పక్కనే కూర్చుంది. తనే చెప్పింది. "మా వోడు పీనుగై ఇంటికచ్చిండు బిడ్డా. దమ్ము తీసుకుంటాంటె నేను సూడలే. ఫోన్ల చెప్పేది, అవ్వా నేను పాటకు గాలి కొడుతున్ననే, రాజన్న మస్తు పాడుతడే అని. గాలి కొట్టుడేందిరా అని నవ్విన. గిప్పుడు కొడ్తె తెలుస్తున్నది. మా వోని చెయ్యి గీ కట్టె మీదనే ఉన్నది గద ఎన్నిదినాలో."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆ కట్టె మీద నా చేయి కూడా ఉందని చెప్పలేదు. రోజూ చీకటి పడే వేళకు నేనూ ఇదే చేసేదాన్నని చెప్పలేదు. చెబితే ఆమె తిరిగి ఇచ్చేస్తుందని భయమేసింది. నాటకం సంగతి మాత్రం చెప్పాను, రాంచందర్ ఊపిరి సంగతి చెప్పాను. ఒక్కరోజుకు పెట్టె కావాలన్నాను.

"పెట్టెను ఒక్కదాన్ని పంప," అంది లచ్చవ్వ. "నేను సుత వస్త. గాలి నేను కొడుత."

చివరి పాటకు తిత్తి దగ్గర కూర్చోవాల్సింది నేను. నాటకంలో భార్య వేషం నాదే, ఆ వేషం మంచం పక్కన కూర్చుని గాలి కొట్టాలని ఆయనే రాశాడు. ఆయన నాకోసం రాసిన పని అదొక్కటే. హార్మోనియానికి గాలి కొట్టడానికి ఒక్క చేయే పడుతుంది.

"నువ్వే కొట్టవ్వా," అన్నాను.

బస్సులో కండక్టరు ఆధార్ కార్డులు చూసి మా ఇద్దరికీ ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ కొట్టాడు. మూట చూసి లగేజీ కట్టమన్నాడు. "మనిషికి లేదు, పెట్టెకున్నదా?" అని నేను తగువు పెట్టుకోబోతుంటే లచ్చవ్వ ఆపింది. "కట్టు బిడ్డా. అది సుత మనతోటే వస్తున్నది గద."

నాటకం రోజు హాలు నిండింది. ట్రాక్టరు ఎక్కేవాళ్ళంతా వచ్చారు, ముందు వరుసల్లోనే కూర్చున్నారు. వెనక స్తంభం చాటున మేస్త్రీ కూడా కనిపించాడు. రాంచందర్ ముఖానికి, తలకు తెల్లటి పిండి రాసుకుని స్టేజీ మీదికి రాగానే హాల్లో దగ్గులు వినిపించాయి. ఎవరివో కావు, చూసేవాళ్ళవే. మాటలన్నీ తడబడకుండా చెప్పాడు. టీబీ మందుల దగ్గర జనం నవ్వారు కూడా, తమకు జరిగిందే కాబట్టి. చివరికి మంచం వేశారు. పక్కన షారోన్ మెట్ల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుంది. లచ్చవ్వ తిత్తి పట్టుకుంది. నేను భార్య వేషంలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, మంచానికి ఈ పక్కన కూర్చున్నాను.

రాంచందర్ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగా సాగింది. రెండో చరణం మధ్యలో గొంతు ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. షారోన్ భయపడి వేళ్ళు తీసేసింది. లచ్చవ్వ మాత్రం ఆపలేదు. కొడుతూనే ఉంది.

మైకు ఆ పెట్టె పక్కనే ఉంది. హాలంతా ఒట్టి ఊపిరి చప్పుడు. నిండుతోంది, వస్తోంది. ముందు వరుసల్లో ఒక్కరూ కదల్లేదు. రాంచందర్ కళ్ళు మూసుకుని, ఆ గాలి నిండినప్పుడు తనూ పీల్చుకున్నాడు, అది వచ్చినప్పుడు వదిలాడు. అలా ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు. తర్వాత అతను మిగిలిన పాటను పాడలేదు, ఒక్కో ఊపిరికి ఒక్కో మాటగా చెప్పాడు. రాజ్‌కుమార్ రాసిన మాటలన్నీ చెప్పాడు, ఒక్కటీ వదల్లేదు. గంగి తెర వెనక నుంచి వచ్చి అతన్ని పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చప్పట్లు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి.

గేటు దగ్గర మేస్త్రీ నా కోసం నిలబడి ఉన్నాడు. ముఖం ఎత్తలేదు. "చెల్లె, గా వరంగల్ డాక్టరు ఏడ కూసుంటడు?" అన్నాడు. చెప్పాను. అతని వెనక ఇంకా కొందరు నిలబడి ఉన్నారు, వాళ్ళకూ చెప్పాను.

మర్నాడు పొద్దున లచ్చవ్వను బస్సెక్కించాను. నెత్తి మీది మూట దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కిటికీలోంచి నన్ను చూసింది.

"నీ ఎడమచేయి రాత్రి ఊకుండలే బిడ్డా. పాట నడుస్తాంటె ఒళ్ళెనే ఆడుతాంది. నేను చూసిన."

ఆ చేయిని కొంగులో దాచుకున్నాను. బస్సు కదిలింది.

రాంచందర్ ఇప్పుడు మంచం దిగడం లేదు. ట్రాక్టరు ఇంకా వస్తూనే ఉంది, ఎక్కేవాళ్ళు మాత్రం కొంచెం తగ్గారు. నేను అంగన్‌వాడీకి పోతున్నాను, వస్తున్నాను. ఇంట్లో గడియారం ఉంది.

మొన్న ఆదివారం చీకటి పడే వేళకు ఫోన్ మోగింది.

"నేనే బిడ్డా, లచ్చవ్వను. మాట్లాడకు. జర ఇను."

ఫోన్ కింద పెట్టిన చప్పుడు. తర్వాత సన్నగా గాలి. నిండుతోంది, వస్తోంది.

"ఇనవడుతున్నదా?" అంది దూరం నుంచి.

"ఇనవడుతున్నదవ్వా. కొట్టు."

ఫోన్‌కు స్పీకరు పెట్టి ఆయన మంచం మీద, తలగడ పక్కన ఉంచాను. వంటింట్లోకి పోయి అన్నానికి ఎసరు పెట్టుకున్నాను.